నడి సముద్రంలో మాస్టు కూలితే ముందు ఏం చేయాలి?

గాలివాటు:
తెరచాప పడవకు నడి సముద్రంలో మాస్టు, అంటే తెరచాపను మోసే స్తంభం, కూలితే పైకి లాక్కోవాలా, కోసి వదిలేయాలా? ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టే 2018 గోల్డెన్ గ్లోబ్ పడవ రేసులో నావికులు అభిలాష్ టోమీ, గ్రెగర్ మెక్‌గకిన్‌ల మాస్టులు ఒకే తుపానులో పోయాయి. అంత గాలి లేకపోయినా కూలుతుంటాయి. ఎందుకని?

చుక్కాని:
ఆ రెండూ అలలకు బోల్తా కొట్టిన పడవలు, వాటి లెక్క వేరు. మామూలు గాలిలో కూలిందంటే మాస్టును కాదు, దాన్ని నిలబెట్టే తీగల్ని అనుమానించాలి. ష్రౌడ్ (మాస్టును పక్కల నుంచి పట్టే తీగ) కింది కొస బిగింపు గొట్టంలోకి దూరేచోట ఉప్పునీరు నిలిచి స్టెయిన్‌లెస్ స్టీలు లోపల్నుంచి పగులుతుంది. 19 పోగుల తీగలో ఒక్క పోగు తెగి కనిపించినా మార్చాల్సిందే. ఆ తీగను పడవకు బిగించే లోహపు పట్టీ, చెయిన్‌ప్లేటు, ఇంకా ప్రమాదం. పైకి తళతళలాడుతూనే ఉంటుంది, డెక్కు మందంలో గాలి తగలనిచోట తుప్పు తినేస్తుంది. విప్పితే గానీ తెలియదు. ఇక స్ప్లిట్ పిన్ను. అది ఊడితే తీగను చెయిన్‌ప్లేటుకు కలిపే క్లెవిస్ పిన్ను జారిపోతుంది, దాని వెనకే మాస్టూ.

తీగ తెగినా మాస్టు ఇంకా నిలిచే ఉంటే కాపాడుకోవచ్చు. గాలి వచ్చే వైపు ష్రౌడ్ తెగితే వెంటనే పడవను తిప్పి బరువు రెండో వైపుకు మార్చాలి. ముందు స్టే (మాస్టును ముందు నుంచి పట్టే తీగ) తెగితే గాలికి వీపు పెట్టి, హాలియార్డ్ (తెరచాపను పైకెత్తే తాడు) ఒకటి అణియానికి, అంటే పడవ ముక్కుకు, బిగించాలి. వెనక స్టే తెగితే గాలికి ఎదురు తిప్పి మెయిన్ షీటు (పెద్ద తెరచాపను బిగించే తాడు) గట్టిగా లాగాలి. పెద్ద తెరచాప వెనకంచే మాస్టును పట్టి ఉంచుతుంది.

లంగరు:
కూలిపోయాకైతే, ముందు మనుషులందరూ ఉన్నారో లేదో చూడాలి. ఇంజిన్ ముట్టుకోకూడదు, నీళ్ళలోని తాళ్ళు ప్రొపెల్లరుకు చుట్టుకుంటే ఆ దారీ మూసుకుపోతుంది. అలలు పెద్దవైతే విరిగిన కొస పడవ పొట్టను పొడిచి కన్నం పెడుతుంది, అప్పుడు వదిలేయడమే. తీగ సడలి ఉంటే కట్టరు కన్నా సుత్తి, పంచ్‌తో క్లెవిస్ పిన్నులు కొట్టేయడం తేలిక. ముందు స్టేను చివరిదాకా ఉంచండి. నీళ్ళలో ఉన్న మాస్టు బరువు పడవ ముక్కును అలలకు ఎదురుగా పట్టి ఉంచుతుంది. బూమ్ (పెద్ద తెరచాప అడుగు దూలం), స్పిన్నేకర్ పోల్ (ముందు తెరచాపను చాచిపట్టే కర్ర) మాత్రం వదలొద్దు, తర్వాత అవే దిక్కు.

గాలివాటు:
పైబరువు పోయింది కాబట్టి పడవ నిలకడగా ఉండాలి కదా?

చుక్కాని:
ఉండదు. ఎత్తులో ఉన్న ఆ బరువే ఊగుడును నెమ్మదిగా ఉంచేది. అది పోగానే గబగబా, కుదుపుతో ఊగుతుంది, మళ్ళీ బోల్తా పడే ప్రమాదమూ పెరుగుతుంది. డెక్కు మీద పాకుతూనే, నడుము తాడు కట్టుకునే పని చేయాలి.

లంగరు:
రేడియో కూడా చూసుకోవాలి. మాస్టు కొసన 16 మీటర్ల ఎత్తులోని వీహెచ్‌ఎఫ్ రేడియో యాంటెనాకు దిగంతం దాదాపు 9 నాటికల్ మైళ్ళు, మీటరు ఎత్తున పట్టుకున్న చేతిసెట్టుకు 2 పైచిలుకే. విడి యాంటెనా, ఉపగ్రహానికి ఆపద సంకేతం పంపే 406 మెగాహెర్ట్జ్ బీకన్ ఉండి తీరాలి.

తాత్కాలిక మాస్టుకు రెండు పోల్స్ కొసలు కలిపి కట్టి, కాళ్ళు చెరో పక్క చెయిన్‌ప్లేట్ల దగ్గర బిగిస్తే పక్కలకు పడదు, ముందూ వెనకా తాళ్ళు చాలు. తాళ్ళూ కప్పీ లేపకముందే కొసకు కట్టేయాలి, లేపాక పైకెక్కడం కుదరదు. తుపాను జిబ్‌ను (తుపానులో వాడే చిన్న ముందు తెరచాప) అడ్డంగా కట్టినా పడవ 2, 3 నాట్లతో, అంటే గంటకు అన్ని నాటికల్ మైళ్ళతో, నడుస్తుంది. మెక్‌గకిన్ తాత్కాలిక మాస్టుతోనే టోమీని ఆదుకోవడానికి అతని వైపు బయల్దేరాడు.