'వంత పాడటం' ఎందుకు తిట్టయింది?

నిన్న మన గ్రూపులో ఒకరు "ఆయన నాయకుడికి వంత పాడుతున్నాడు" అని రాస్తే, "వంత చేసిన తప్పేంది?" అని ఇంకొకరు అడిగారు. ఆ ప్రశ్న నాకు బాగా నచ్చింది. 'వంత పాడటం', 'తందానా అనడం' రెండూ బుర్రకథలో వినపడే మాటలే. ఇప్పుడు రెండింటికీ చెడ్డపేరు వచ్చింది. (పాత పద్యాల్లో దుఃఖం అనే అర్థంలో వచ్చే 'వంత' వేరు, దాన్ని ఇంకోసారి చూద్దాం.)

బుర్రకథలో మధ్యన తంబురాతో కథకుడు, చెరోపక్క గుమ్మెటలతో ఇద్దరు వంతలు, అంటే కథకుడి పాటను అందుకునేవాళ్లు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. కథకుణ్ణి ఆపి, జనం అడగాలనుకున్న ప్రశ్న అడిగేది వంతే. పాతకాలం రాజుల కథలోకి మన ఊరి కరువునీ అప్పునీ లాక్కొచ్చేది రాజకీయ వంత. 1943లో మొదలైన వామపక్ష కళాకారుల సంఘం ప్రజానాట్యమండలి ఈ కళను ఉద్యమాల్లోకి తెచ్చిందంటే ఆశ్చర్యమేముంది? అలాంటి మనిషి పేరు భజనపరులకు అంటగట్టడం నాకు బాధగా ఉంటుంది.

మన నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు ఊరూరా కళాజాతాలు, అంటే పాటలు, నాటికలు వేసే బృందాలు, తిరిగాయి. రాత్రిబడుల్లో చదువు చెప్పినవాళ్లలో ఊరి యువతీయువకులు చాలామంది. ఆ చదువుల వేడిలోనే 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అదంతా పాటల వల్లే జరిగిందని అనను. కానీ పలక పట్టడానికి సిగ్గుపడే మనిషి కూడా మొదటిరోజే పాటకు వంత పలకగలదు. నలుగురిలో గొంతు విప్పడం అక్కడే అలవాటవుతుంది.

ఈమధ్య కావలిలో హాస్టల్ పిల్లలు నీళ్ల కోసం రోడ్డు మీద కూర్చున్నారు. ముందు పెద్ద బాక్సులో రికార్డు పాటలు పెట్టారు. అవి మోగినంతసేపూ సగం మంది ఫోన్లు చూసుకుంటున్నారు. తర్వాత ఒకమ్మాయి డప్పు అందుకుని, "బకెట్టు దించితే ఏముంది?" అని ఎత్తుకుంది. "గాలుంది!" అన్నారు వెనక. "ట్యాంకులో చూస్తే ఏముంది?" "నాచుంది!" అప్పటికప్పుడు కట్టిన పాట. కాసేపటికి పక్కన ఆగిన ఆటోవాళ్లు కూడా గొంతు కలిపారు. ఫోన్లు జేబుల్లోకి పోయాయి. యువజన సంఘాల వాళ్లకు నా మనవి ఒక్కటే, బాక్సు కట్టేసి వంతకు చోటివ్వండి.

ఒంగోలు సభ్యురాలి జవాబు: మా ఇంట్లో 'వంత' కంటే 'అందుకోవడం' అనే మాటే ఎక్కువ, అన్నా. భజనలో మా తాత "అందుకోండ్రా!" అని కేకేసేవాడు. అందులో తిట్టేమీ లేదు.

నా సమాధానం: భలే మాట గుర్తుచేశావమ్మా. 'అందుకోవడం'లో పాట చేతులు మారుతుంది కూడా. కావలిలో నాలుగో చరణం ఎత్తుకున్నది ఆ డప్పు అమ్మాయి కాదు, వెనక వరసలో పిల్లాడు. కోలాటం, చెక్కభజన వాళ్లు దీనికి ఏమంటారో తెలిసినవాళ్లు రాయండి.