2 అడుగుల రీఫ్ ట్యాంక్‌కి (పగడాలు పెంచే ఉప్పునీళ్ల అక్వేరియం) ఏ లైట్ తీసుకోవాలె?

ఓరుగల్లు_అల:
అన్నలూ, మాది హన్మకొండ. 60×45×45 సెంటీమీటర్ల ట్యాంక్, అంటే 120 లీటర్లకు జర అటుఇటు. ఉప్పునీళ్లు పోసి సైక్లింగ్ (నీళ్లల్ల మంచి బ్యాక్టీరియా పెరిగేదాక ఆగుడు) కూడా అయిపోయింది, క్లౌన్ ఫిష్ జంట మంచిగ తిరుగుతున్నయ్. ఇగ జోయాలు, మష్రూములు, ఒక లెదర్ కోరల్, అంటే మెత్తటి పగడాలు (సాఫ్ట్ కోరల్స్) పెడదామని చూస్తున్న గని లైట్ కాడ ఆగిపోయిన. షాపాయన 165 వాట్ల బ్లాక్ బాక్స్ ఎల్ఈడీ తీస్కోమంటుండు, దోస్తేమో మొక్కల ట్యాంక్ లైటే సరిపోతది అంటుండు, నెట్‌ల చూస్తే మెటల్ హాలైడ్ బల్బే అసలైన లైట్ అని రాసిండ్రు. రూంల ఏసీ లేదు, మే నెలల మధ్యాహ్నం నీళ్లు 30 డిగ్రీలు దాటుతయ్, దాని మీద ఈ లైట్ వేడి కూడానా అని పరేషాన్ అయితుంది. ఏది కొనాలె, ఎన్ని గంటలు వెయ్యాలె?

కాజీపేట_రీఫర్:
తమ్మీ, వాట్లు చూసి లైట్ కొనకు. వాట్లంటే అది తినే కరెంటు, అంతే. కోరల్ ఒంట్లో జూజాంతెల్లే అని సన్నటి ఆల్గే ఉంటది, ఎక్కువ తిండి అదే తయారు చేసి పెడతది, దానికి పనికొచ్చే వెలుగు ఎంత అందుతుందో పార్ లెక్కల చూస్తరు. నువ్వు చెప్పిన సాఫ్ట్ కోరల్స్‌కు 50 నుంచి 150 పార్ ఉంటే మస్తు, 250, 300 కావాలంటే అది అక్రోపోరా లాంటి రాతి కోరల్స్‌కు. మెటల్ హాలైడ్ మంచి లైటే, కాదనను, గని ఏసీ గాని చిల్లర్ (నీళ్లు చల్లబరిచే మిషన్) గాని లేకుంట మన ఎండల్ల దాన్ని పెడితే నీళ్లు ఉడుకుతయ్. మొక్కల లైట్ల తెలుపు, ఎరుపు ఎక్కువ, మనకేమో 420 నుంచి 480 నానోమీటర్ల నీలం బాగుండాలె. బ్లాక్ బాక్సే తీస్కో, నీలానికి, తెలుపుకు వేరేవేరే డిమ్మర్లు ఉన్నది చూడు. దానికి లెన్సులుంటయ్ కాబట్టి వెలుగంతా నడుమ పడి మూలలు చీకటైతయ్, నీళ్ల మీద 30 సెంటీమీటర్ల ఎత్తుల వేలాడదియ్యి, నీలం 30 శాతం, తెలుపు 10 శాతంతోని మొదలుపెట్టి వారానికి కొద్దికొద్దిగ పెంచుకుంట పో.

కరీంనగర్_పగడం:
పైన అన్న చెప్పింది కరెక్ట్. ఒక ముచ్చట కలుపుత, రాతి కోరల్స్ అన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1ల ఉన్నయ్, సీ ఫ్యాన్లు (విసనకర్ర లాంటి కోరల్స్) కూడా. మన సముద్రంల తీసినయి ఎవరన్న చాటుంగ అమ్మజూపితే అస్సలు తీసుకోవద్దు, మన హాబీ కోసం రీఫ్‌ను పీకుతరా? నువ్వు సాఫ్ట్ కోరల్స్‌తోనే పోతున్నవ్ కాబట్టి పెద్ద లైట్ అవసరమే లేదు.

ఇగ వేడి సంగతి. వేడి, వెలుగు రెండూ ఒక్కసారి ఎక్కువైతే కోరల్ ఆ ఆల్గేను బయటికి తోసేసి తెల్లబడతది. అందుకే ఎండకాలం లైట్ టైమే మార్చు, పొద్దున వద్దు, సాయంత్రం 4 నుంచి రాత్రి 12 దాక 8 గంటలు పెట్టు, ఆఫీసు నుంచి వచ్చినంక నువ్వు కూర్చొని చూడొచ్చు కూడా. నీళ్ల మీదికి చిన్న ఫ్యాన్ పెడితే 2, 3 డిగ్రీలు దిగుతది, ఆవిరైనదానికి ఉప్పునీళ్లు పోయొద్దు, ఆర్ఓ నీళ్లే పొయ్యి, ఉప్పు లోపలనే ఉంటది కద. కరెంటు పోతే లైట్ లేకున్నా ఏం కాదు గని నీళ్లను కదిలించే వేవ్‌మేకర్ ఆగొద్దు, ఇన్వర్టర్ మీద అదే వెయ్యి.

ఓరుగల్లు_అల:
మస్తు క్లారిటీ వచ్చింది అన్నా. పార్ మీటర్ ఖరీదు చూసిన, ఇప్పుడైతే కొనలేను. ఫోన్‌ల లక్స్ యాప్ నడుస్తదా?

కాజీపేట_రీఫర్:
నడవదు తమ్మీ, లక్స్ అనేది మన కంటికి కనపడే వెలుగు లెక్క, నీలం లైట్ కింద మస్తు తక్కువ చూపిస్తది, అది నమ్మి పెంచితే కోరల్ కాలుతది. కోరల్‌నే చూడు. జోయాలు కాడలు సాగదీసి పైకి లేస్తే వెలుగు చాలుతలేదు, మష్రూమ్ ముడుచుకొని చిన్నగయితే ఎక్కువైంది. అన్నిటినీ ముందు ఇసుక మీదనే పెట్టు, రెండు వారాలు మంచిగ విచ్చుకుంటే లెదర్‌ను, జోయాలను రాయి మీదికి జరుపు, మష్రూమ్‌లను మాత్రం కిందనే నీడల ఉండనియ్యి.