జీతం పెరిగిందా, జీతంలో అంకె పెరిగిందా? లెక్క ఎలా కట్టాలి?

గోదారిగట్టు:
2012 ప్రాంతంలో హైదరాబాద్ ఐటీ సర్వీస్ కంపెనీల్లో ఫ్రెషర్‌కి ఏడాదికి 3.25 లక్షల చుట్టూ ఇచ్చేవారు. ఇప్పుడూ మామూలు ఆఫర్ 3.5, 3.6 లక్షలే. మరోపక్క తెలంగాణ తలసరి ఆదాయం 2014-15లో 1.24 లక్షలు, 2023-24కి 3.56 లక్షలు. రెండూ నిజమే అయితే మధ్యలో డబ్బు ఎటు పోతున్నట్టు? ధరలు తీసేసి చూస్తే మధ్యతరగతి ఆదాయం ఆగిపోయినట్టేనా? లెక్క తెలిసినవాళ్లు స్టెప్పులతో చెప్పండి. "మా రోజుల్లో కిలో బియ్యం..." కథలు వద్దు దయచేసి.

సూచీపట్టిక:
ముందు ఫ్రెషర్ సంగతి. వినియోగదారుల ధరల సూచీ 2012 మూల సంవత్సరం సిరీస్ తీసుకోండి. 2012 సగటు 100, 2024-25 సగటు 192.6. అప్పటి 3.25 లక్షలను 1.926తో గుణిస్తే 6.26 లక్షలు. అంటే 2012 ఫ్రెషర్‌తో సమానంగా బతకాలంటే ఇవాళ్టి కుర్రాడికి అంత రావాలి. తిరగేసి చూడండి: ఇవాళ్టి 3.6 లక్షలు 2012 రూపాయల్లో 1.87 లక్షలు. కొనుగోలు శక్తి 42 శాతం పోయింది. దీన్ని "ఆగిపోవడం" అనరు, పడిపోవడం అంటారు.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. "నా జీతం 3 నుంచి 18 లక్షలైంది, ఆగిపోయిందంటారేంటి" అంటారు. అది పన్నెండేళ్ల అనుభవానికి, మూడు ప్రమోషన్లకి వచ్చిన పెంపు. పోల్చాల్సింది మనిషిని కాదు, అదే కుర్చీని. ఇంకో తప్పు, ఏటా వచ్చిన ద్రవ్యోల్బణం శాతాలను వరసగా కూడేయడం. అది చక్రవడ్డీలా పెరుగుతుంది, సూచీని సూచీతో భాగించాలి.

సీటీసీని (ఉద్యోగిపై కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) సీటీసీతో పోల్చినా మోసపోతారు. 3.6 లక్షలంటే నెలకు 30,000. బేసిక్ 15,000 అనుకుందాం. కంపెనీ వాటా పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ (ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే సొమ్ము) బేసిక్‌లో 4.81 శాతం చొప్పున 721, వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చేది) 1,500, ఇన్సూరెన్స్ ఓ 500 పక్కన పెడితే మిగిలేది 25,479. అందులో ఉద్యోగి వాటా పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోతే అకౌంట్లో పడేది 23,479. వేరియబుల్ ఎంత వస్తుందో ఆ ఏడాది దయ.

కందిపప్పు_కిలో:
ఒక్క ఐటీ కుర్చీతో మధ్యతరగతి మొత్తాన్ని తేల్చకండి. 2024-25 ఆర్థిక సర్వే చూడండి. నెలజీతగాళ్లలో మగవాళ్ల నిజ వేతనం (ధరల పెరుగుదల తీసేశాక నెలకు వచ్చేది) 2017-18లో 12,665 ఉంటే 2023-24కి 11,858 అయింది. ఆడవాళ్లది 10,116 నుంచి 8,855. రోజుకూలీలకు మాత్రం పెరిగింది: మగవాళ్లకు రోజుకు 205 నుంచి 242, ఆడవాళ్లకు 128 నుంచి 159. కింద కాస్త లేచింది, నడుమ కుంగింది.

డబ్బు ఎటు పోయిందన్న దానికీ జవాబు ఆ సర్వేలోనే ఉంది. 2023-24లో పెద్ద కంపెనీల లాభాలు 22.3 శాతం పెరిగితే ఉద్యోగాలు 1.5 శాతమే పెరిగాయి. తలసరి ఆదాయంలో ఆ లాభాలూ కలిసే ఉంటాయండీ. రాష్ట్రంలో పుట్టిన మొత్తం ఆదాయాన్ని జనాభాతో భాగించిన అంకె అది, ఇంటికొచ్చే జీతం కాదు. ధరలు 1.55 రెట్లయ్యాయి కాబట్టి మీరు చెప్పిన 2.87 రెట్ల పెరుగుదల అసలుకి 1.85 రెట్లు. అదీ తక్కువేం కాదు, కానీ సగటు. గచ్చిబౌలి ఆఫీసులన్నీ తన లెక్కలోకి రావడంతో రంగారెడ్డి జిల్లా తలసరి 2022-23లోనే 9 లక్షలు దాటింది. ఆ జిల్లాలోనే ఉన్న యాచారం రైతుని అడిగి చూడండి, నవ్వుతాడు.

ఇంకో చేదు నిజం. వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ 2022-23 అంచనాల ప్రకారం ఏడాదికి 2.9 లక్షలు దాటితే దేశంలో పై 10 శాతం పెద్దల్లో ఉన్నట్టే. అంటే మనం జాలిపడుతున్న ఆ ఫ్రెషర్ కూడా "మధ్య" కాదు! ఆ పై 10 శాతానికి ఆదాయంలో 57.7 శాతం వాటా, అందులో పై 1 శాతానికే 22.6. అసలు నడుమనున్న 40 శాతం మందికి 27.3.

డీఏ_బాకీ:
ప్రభుత్వోద్యోగుల లెక్క వేరు, కలిపేయకండి. వాళ్లకి ధరలతో కదిలే డీఏ (కరువు భత్యం) ఉంది. కేంద్ర 7వ వేతన సంఘం సూత్రం: పారిశ్రామిక కార్మికుల ధరల సూచీ 12 నెలల సగటులోంచి 261.42 తీసేసి, వచ్చినదాన్ని 261.42తో భాగించి, 100తో గుణించాలి. ఇప్పటి సూచీకి మూలం 2016 కాబట్టి ముందు 2.88తో గుణించాలి. అది మర్చిపోతే డీఏ మైనస్‌లో వస్తుంది.

రాష్ట్రాల్లో మాత్రం పెంపు సన్నబడింది. 2015లో రెండు రాష్ట్రాలూ 43 శాతం ఫిట్‌మెంట్ (వేతన సవరణలో మూలవేతనంపై పెంపు) ఇచ్చాయి. తర్వాత తెలంగాణ 30, ఆంధ్ర 23. ఆంధ్రలో అప్పటికే నడుస్తున్న మధ్యంతర భృతి (సవరణ అయ్యేదాకా ఇచ్చేది) 27 శాతం, పీఆర్సీ (వేతన సవరణ) వచ్చాక దానికన్నా తగ్గిందన్నమాట.

గోదారిగట్టు:
థాంక్సండీ అందరికీ. 12 లక్షల దాకా ఆదాయపు పన్ను తీసేశారుగా, దాంతో కొంత పూడదా?

సూచీపట్టిక:
ఆ ఫ్రెషర్‌కి పూడేదేం లేదు. 5 లక్షల లోపు వాళ్లకి 2019 నుంచే రిబేటుతో పన్ను సున్నా. లాభం 7 లక్షల పైవాళ్లకి. మినహాయింపులుండే పాత పన్ను విధానంలో మాత్రం 30 శాతం శ్లాబు 2012-13 నుంచీ 10 లక్షల దగ్గరే కూర్చుంది. ధరలతో పాటు జరిపి ఉంటే 19 లక్షలు దాటాలి. కొత్త విధానంలో అది 24 లక్షలపైన మొదలవుతుంది కాబట్టి, హోమ్ లోన్ వడ్డీ, హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె భత్యం) భారీగా లేనివాళ్లు రెండు విధానాల్లోనూ లెక్క వేసుకుని మారడమే మేలు.