సొంతంగా కంపైల్ చేసిన లినక్స్ కెర్నల్ బూట్ అవ్వట్లేదు, రూట్ డిస్క్ దొరకట్లేదంటోంది

అందరికీ నమస్కారం. డెబియన్ 12 మీద లినక్స్ 6.6 సోర్స్ డౌన్‌లోడ్ చేసుకుని కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) నేనే కంపైల్ చేశాను. ముందు లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ (ఇప్పుడు లోడ్ అయి ఉన్న మాడ్యూల్స్‌నే ఉంచి మిగతావి తీసేసేది) వాడి, తర్వాత మెనూకాన్ఫిగ్‌లో (కెర్నల్ ఆప్షన్లు ఎంచుకునే మెనూ) అక్కర్లేదనిపించినవి ఇంకొన్ని తీసేశాను. కంపైల్, ఇన్‌స్టాల్ అన్నీ ఏ ఎర్రరూ లేకుండా అయ్యాయి. గ్రబ్ (బూట్ లోడర్) మెనూలో కొత్త కెర్నల్ కనిపిస్తోంది కూడా.

దాన్ని ఎంచుకుంటే మాత్రం స్క్రీన్ నిండా లైన్లు పరుగెత్తి, చివర్లో 'కెర్నల్ పానిక్, వీఎఫ్ఎస్: అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్ ఆన్ అన్‌నోన్-బ్లాక్(0,0)' అని ఆగిపోతోంది. పాత కెర్నల్ శుభ్రంగా బూట్ అవుతోంది, కాబట్టి డిస్క్ తప్పేమీ లేదు.

డిస్క్ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, రూట్ ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ4. రెండు డ్రైవర్లూ కాన్ఫిగ్‌లో 'ఎం' (విడి మాడ్యూల్) అనే ఉన్నాయి, అంటే అవి ఇనిట్‌ఆర్‌డీ (బూట్ మొదట్లో మెమరీలోకి వచ్చే తాత్కాలిక ఫైల్‌సిస్టమ్) లోంచే రావాలి. ఆ ఫైల్ బూట్ ఫోల్డర్‌లో తయారైంది (పాతదానికంటే చాలా పెద్దది, డీబగ్ సమాచారం వల్ల కాబోలు), గ్రబ్‌లో దాని లైనూ ఉంది. నా అనుమానం ఏంటంటే, ఆ ఫైల్ జెడ్‌స్టాండర్డ్‌తో కుదించి ఉంది. దాన్ని విప్పే ఆప్షన్ నా కెర్నల్‌లో లేకపోతే ఇలాగే అవుతుందా?

లేదంటే రెండు డ్రైవర్లకీ 'వై' (కెర్నల్‌లోనే కలిపేయడం) పెట్టి, ఇనిట్‌ఆర్‌డీ గొడవే లేకుండా చేసుకోవడం మేలా? అప్పుడు గ్రబ్‌లో యూయూఐడీ (ఫైల్‌సిస్టమ్ గుర్తింపు) బదులు పార్ట్‌యూయూఐడీ (పార్టిషన్ గుర్తింపు) ఇవ్వాలని తెలుసు, ఇంకేమైనా మార్చాలా?

ఇంకొకటి, పానిక్‌కి ముందు పైకి వెళ్లిపోయిన లైన్లు ఎలా చదవాలి? అసలు సంగతి అక్కడే ఉందనిపిస్తోంది. కాన్ఫిగ్‌లో ఏ భాగం కావాలో చెబితే పెడతాను.