కాలిఫోర్నియా జెండా మీది ఎలుగుబంటి: గ్రిజ్లీ, ఉపజాతి, అంతరించడం – తెలుగులో ఎలా రాయాలి?

అందరికీ నమస్కారమండీ. మేం కాలిఫోర్నియాలో శాన్ హోసే దగ్గర ఉంటాం. మా అమ్మాయి నాలుగో తరగతి, ఈ ఏడు బడిలో రాష్ట్ర చరిత్ర చెబుతున్నారు. జెండా మీదున్న ఎలుగుబంటి గురించి ఇంగ్లీషులో ఒక పేజీ రాసింది, అదే తెలుగులో రాసి రాజమండ్రిలో ఉన్న తాతయ్యకి పంపుతానంటోంది. మూడు మాటల దగ్గర ఆగిపోయాం: గ్రిజ్లీ, సబ్‌స్పీషీస్, ఎక్స్‌టింక్ట్. వీటికి ‘బూడిదరంగు ఎలుగుబంటి’, ‘ఉపజాతి’, ‘అంతరించింది’ అంటే సరిపోతుందా? తాతయ్యకి అర్థం కావాలి, సైన్సు చెడకూడదు.

*

అమ్మా, పాప ఆలోచన చాలా బాగుంది, తప్పకుండా రాయించండి. మూడు మాటల్లోనూ మూడోదే పెద్ద చిక్కు, అందుకని మొదటి రెండూ త్వరగా చెప్పేస్తాను.

గ్రిజ్లీ అంటే బూడిదరంగు కాదు. ఒళ్లు గోధుమరంగే, వెంట్రుకల కొసలు మాత్రం లేతరంగుకి తిరిగి ఉంటాయి. మనం జుట్టు నెరిసింది అంటామే, అదే భావం. ఒకసారి ‘నెరిసిన కొసల ఎలుగు’ అని చెప్పి, ఆపైన గ్రిజ్లీ అనే రాసుకుంటూ పొండి. ‘భయంకర ఎలుగు’ అని మాత్రం రాయకండి. ఇంగ్లీషులో నెరిసిన అనే మాటా, ఒళ్లు జలదరించే అనే మాటా చెవికి ఒక్కలాగే వినిపిస్తాయి, పైగా 1815లో జార్జ్ ఆర్డ్ అనే అమెరికా జంతుశాస్త్రవేత్త పెట్టిన లాటిన్ పేరులో ‘హారిబిలిస్’ (భయంకరమైన) అని కూడా ఉంది, దాంతో ఆ జంతువుకి లేనిపోని చెడ్డపేరు పేరులోనే అంటుకుంది.

ఇంకో సంగతి. తాతయ్యకి ఎలుగుబంటి అనగానే మన ఎలుగే కళ్ల ముందుకొస్తుంది: శ్రీకాకుళం వైపు ఉద్దానం జీడితోటల్లోకి దిగేది, నల్లటి జూలు, ఛాతీ మీద తెల్లటి గుర్తు, పుట్ట తవ్వి చెదలు పీల్చుకుతినేది. గ్రిజ్లీ ఇది కాదు. అది ఇంకా భారీ జంతువు, భుజాల మీద మూపురంలా కండ ఉబికి ఉంటుంది. ఈ తేడా ఒక్క వాక్యంలో చెప్పించండి, లేకపోతే పేజీ అంతా చదివినా ఆయన మనసులో వేరే జంతువే తిరుగుతుంది.

గ్రిజ్లీ జాతికి ఇప్పుడున్న శాస్త్రీయ నామం ఉర్సస్ ఆర్క్టోస్. లాటిన్‌లో ఉర్సస్ అన్నా ఎలుగే, గ్రీకులో ఆర్క్టోస్ అన్నా ఎలుగే. సంస్కృతంలోని ఋక్షం కూడా వీటికి చుట్టమే, ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. జాంబవంతుణ్ణి ఋక్షరాజు అంటాం కదా, తాతయ్యకి ఈ ముక్క తప్పకుండా రాయమనండి.

*

మాస్టారూ, మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. ఉపజాతి అనగానే మాబోటి పద్యాలవాళ్లకి ఆటవెలది, తేటగీతి, సీసం గుర్తొస్తాయి. కందం, ద్విపద జాతులు, ఇవి ఉపజాతులు. పైగా జాతి అంటే తెలుగులో కులానికీ వాడతారు, దేశప్రజలకీ వాడతారు, మేలుజాతి గిత్త అనీ అంటారు. ఇన్ని బరువులు మోస్తున్న మాటని ఎలుగుబంటికి కూడా తగిలించాలా?

*

తగిలించవచ్చు సార్, ఇబ్బంది లేదు. మన తెలుగు మీడియం జీవశాస్త్రం పుస్తకాల్లో కుటుంబం, ప్రజాతి, జాతి అనే వరుస స్థిరపడిపోయింది. సీసపద్యం దగ్గర ఎలుగుబంటిని ఎవరూ ఊహించుకోరు, ఎలుగుబంటి దగ్గర సీసాన్నీ ఊహించుకోరు. ఒకే మాట రెండు శాస్త్రాల్లో వేరే పని చేయడం మనకి కొత్త కాదు, గణం చూడండి, గుణం చూడండి.

నాకున్న అభ్యంతరం వేరే. ఉపజాతి అంటే ఒకే జాతిలో కాస్త తేడాలతో ఉండే ఒక ప్రాంతపు గుంపు. అసలు కాలిఫోర్నియా గ్రిజ్లీ విడిగా ఒక ఉపజాతేనా అన్న దగ్గరే శాస్త్రవేత్తల్లో తేడాలున్నాయి. 1896లో మెరియం అనే అమెరికా జంతుశాస్త్రవేత్త కాలిఫోర్నియా ఎలుగుకి ‘కాలిఫోర్నికస్’ అని పేరు పెట్టాడు. ఆయన పుర్రెలు, పళ్లు కొలిచి, చిన్న తేడా కనిపించినా కొత్త పేరు పెట్టేసేవాడు. 1918 నాటికి ఉత్తర అమెరికా గోధుమరంగు ఎలుగుల్ని 80కి పైగా రకాలుగా విడగొట్టాడు. ఇప్పుడు అవన్నీ ఉర్సస్ ఆర్క్టోస్ అనే ఒక్క జాతి కిందికే వచ్చాయి. కాలిఫోర్నియాలో తిరిగినవాటిని విడిగా ఒక ఉపజాతిగా లెక్కపెట్టాలా, మిగతా గ్రిజ్లీలతో కలిపేయాలా అంటే చాలామంది కలిపేయమనే అంటున్నారు. అందుకని పాప ‘కాలిఫోర్నియా గ్రిజ్లీలు’ అని ఊరిపేరు ముందు, బహువచనం వెనక పెట్టి రాస్తే చాలు. ఏ వాదంలోనూ ఇరుక్కోదు, తాతయ్యకీ తేలిగ్గా తెలుస్తుంది.

ఇక అంతరించింది. ఈ మాట నాకు ఇక్కడ ససేమిరా నచ్చదు, రెండు కారణాలున్నాయి. ఒకటి, గ్రిజ్లీలు అంతరించలేదు. అలాస్కాలో, కెనడాలో, ఎల్లోస్టోన్ చుట్టుపక్కల ఇప్పటికీ ఉన్నాయి. పోయింది కాలిఫోర్నియాలోంచి. జీవశాస్త్రంలో ఈ రెంటికీ వేర్వేరు మాటలున్నాయి, తెలుగులో ‘ఆ ప్రాంతంలో లేకుండా పోయాయి’ అంటే సరిపోతుంది.

రెండోది నాకు ఇంకా ముఖ్యం. ‘అంతరించింది’ అంటే దానంతట అదే పోయినట్టుంటుంది, చేసినవాడు వాక్యంలో కనపడడు. ఇక్కడ చేసినవాళ్లున్నారు. ఒకప్పుడు అక్కడ సుమారు 10,000 గ్రిజ్లీలు ఉండేవని అంచనా. స్పానిష్‌వాళ్ల కాలంలో గుర్రాల మీద వెళ్లి తాళ్లు విసిరి పట్టి, ఎద్దుతో పోట్లాడించి వేడుక చూశారు. 1848లో బంగారం దొరికి జనం విరగబడ్డాక తుపాకీ, బోను, మాంసంలో స్ట్రిక్నైన్ విషం, అన్నీ వాడారు. 1922లో టులేరీ కౌంటీలో కాల్చి చంపినదే చివరిదని చెబుతారు, 1924లో సెకోయా నేషనల్ పార్కులో ఒకటి కనిపించిందన్నది ఆఖరి వార్త. దీన్ని ‘అంతరించింది’ అని ఎలా సరిపెడతాం? ‘నిర్మూలించారు’ అని రాయమనండి. నిర్మూలించారు అన్నప్పుడు ‘ఎవరు’ అని తాతయ్య అడుగుతారు, పాప జవాబు చెబుతుంది.

జెండా మీదున్న ఎలుగుకి నమూనా మొనార్క్ అనే మగ గ్రిజ్లీ. 1889లో హర్‌స్ట్ అనే పత్రికాధిపతి పట్టించి తెప్పించాడు, పేరు కూడా ఆయన పత్రిక బిరుదు నుంచే. 22 ఏళ్లు బోనులోనే బతికి 1911లో పోయింది. ఎలుగుబొమ్మ జెండాని రాష్ట్రం చట్టబద్ధం చేసింది కూడా ఆ ఏడాదే! గ్రిజ్లీని రాష్ట్ర జంతువు చేసింది 1953లో, అప్పటికి రాష్ట్రంలో ఒక్కటీ లేదు.

*

మాస్టారూ, చాలా థాంక్సండీ. ఇంకొక్కటి. పాప పేజీలో ‘స్టేబుల్ ఐసోటోప్’ అని కూడా ఉంది, ఎలుగు ఏం తిన్నదో దాంతో కనిపెట్టారట. తెలుగులో ఏమనాలి?

*

స్థిర ఐసోటోపులు అనండి, ఐసోటోపు బడి పుస్తకాల్లో ఉన్న మాటే. వివరం కావాలంటే ఇలా: నత్రజనిలో తేలిక రకం, బరువు రకం రెండున్నాయి. ఆకులు, దుంపలు తినే జంతువు ఎముకలో బరువు రకం తక్కువ, దాన్ని తిన్న జంతువు ఎముకలో ఇంకాస్త ఎక్కువ. మ్యూజియాల్లో మిగిలిన ఎముకలు, తోళ్లలోంచి చిటికెడు తీసి ఆ పాళ్లు చూశారు. 2024లో వచ్చిన అధ్యయనం ప్రకారం యూరోపియన్లు రాకముందు ఆ గ్రిజ్లీల తిండిలో మాంసం 10 శాతం దగ్గరే, మిగతా అంతా చాలావరకు మొక్కలే. పశువుల మందలు వచ్చాకే మాంసం పాలు పెరిగింది. పాత పత్రికలు 900 కిలోల రాక్షసి అని రాస్తే, ఎముకల లెక్క 200 కిలోల దగ్గర తేలింది. ఈ పేరా పాపనే సొంతంగా రాయనివ్వండి, మీరు అక్షరదోషాలు మాత్రం చూడండి.