అప్‌డేట్: వ్యవస్థాపకుడి మీద కేసు పడ్డాక మా సొసైటీ ఏమైంది

నల్గొండ జిల్లాలో ఫ్లోరైడ్ బాధితులకు పనిచేసే మా సొసైటీ వ్యవస్థాపకుడిపై నిధుల కేసు పడింది, దాతలు ఆగిపోయారు, మూసేయాలా అని అడిగాను. మూయలేదు. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనిచేసింది "ముందు బ్యాంకు ఖాతాలో సంతకం పెట్టేవాళ్లను మార్చండి" అన్న సలహా. సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసి, కొత్త కమిటీ జాబితా జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో ఇచ్చాం. ఆ కాపీ చూశాకే బ్యాంకువాళ్లు ఒప్పుకున్నారు. సీఏ పాత లెక్కలన్నీ తిరగేసి, వ్యవస్థాపకుడు సొంతానికి వాడుకున్నదెంతో రిపోర్టులో రాశారు. దాన్ని దాచకుండా దాతలకు పంపాం. కొందరు ఫోన్ చేసి మరీ తిట్టారు, వాళ్లలోనే కొందరు మళ్లీ డబ్బు పంపారు!

సంస్థ పేరు మార్పు అవసరం పడలేదు. 80జీ (దాతలకు ఆదాయపు పన్నులో తగ్గింపు వచ్చే గుర్తింపు) పోతుందేమోనని టెన్షన్ పడ్డాం, ఇప్పటికైతే పోలేదు, అది సంస్థ పాన్ మీద ఉంటుంది, వ్యవస్థాపకుడి మీద కాదు. ఆఫీసులో ఆయన ఫొటో తీయాలా వద్దా అన్నదే ఇంకా తేలలేదు.