డార్క్ మ్యాటర్ వేటకు చెరెంకోవ్ టెలిస్కోపుల సమయం ఇంకా ఇవ్వాలా?

తోకచుక్క:
గామా కిరణం వాతావరణాన్ని తాకితే కణాల జల్లు పుడుతుంది. ఆ జల్లు వల్ల కొన్ని నానోసెకన్ల పాటు వచ్చే నీలి మెరుపును ఈ టెలిస్కోపులు పట్టుకుంటాయి. ప్రధానంగా చీకటి రాత్రుల పని కాబట్టి ఏడాదికి దాదాపు వెయ్యి గంటలే. అలాంటిది 2011–2013 మధ్య మ్యాజిక్ అనే చెరెంకోవ్ టెలిస్కోపులు డార్క్ మ్యాటర్ (కంటికి కనబడని, గురుత్వాకర్షణతోనే తెలిసే పదార్థం) కోసం సెగ్యూ 1 అనే ఒక్క మరుగుజ్జు (చాలా చిన్న) గెలాక్సీని 158 గంటలు చూశాయి. ఏమీ దొరకలేదు. ఇంకెన్నాళ్లు?

నీలికాంతి:
దొరకకపోవడమూ ఫలితమేనండీ. డార్క్ మ్యాటర్ కణాలు జంటలుగా కలిసి నశిస్తే గామా కిరణాలు రావాలి. రాలేదంటే ఆ నాశనం రేటుకు ఒక పైహద్దు తెలిసినట్టే. డార్క్ మ్యాటర్ అంతా వినో అనే ఊహాకణమే అయితే, సిద్ధాంతం ప్రకారం దాని ద్రవ్యరాశి 3 టీఈవీ (ప్రోటాన్‌కు సుమారు మూడు వేల రెట్లు) దగ్గర ఉండాలి. అంత బరువైనదాన్ని పుట్టించడం ఎల్‌హెచ్‌సీ (కణాలను ఢీకొట్టించే భారీ యంత్రం) వల్ల అయ్యే పని కాదు, భూగర్భ డిటెక్టర్లకు చిక్కడం చాలా కష్టం. మరి ఎవరు వెతకాలి?

రేచుక్క:
పాలపుంత కేంద్రంలో డార్క్ మ్యాటర్ ఎక్కువ కదా, మరుగుజ్జులెందుకు?

నీలికాంతి:
కేంద్రంలో గామా కిరణాలు వెదజల్లే మామూలు మూలాలూ ఎక్కువే. ఈ మరుగుజ్జుల్లో వాయువు దాదాపు ఉండదు, కొత్త నక్షత్రాలు పుట్టవు. అక్కడ గామా కిరణాలు కనిపిస్తే డార్క్ మ్యాటర్ కాక అనుమానించాల్సినవి తక్కువ.

తోకచుక్క:
సెగ్యూ 1లో కొలవడానికి దొరికిన నక్షత్రాలే కొద్ది. దానికి చెందని ఒకటి రెండు నక్షత్రాలు లెక్కలో కలిస్తే డార్క్ మ్యాటర్ అంచనా తలకిందులవుతుంది. అప్పుడు మీ హద్దు విలువెంత?

నీలికాంతి:
అందుకే ఫెర్మి అంతరిక్ష టెలిస్కోపు, హాక్ నీటిట్యాంకుల డిటెక్టర్, హెస్, మ్యాజిక్, వెరిటాస్ చెరెంకోవ్ టెలిస్కోపులు, ఈ ఐదూ 20 మరుగుజ్జు గెలాక్సీల డేటా కలిపి చూశాయి.

తోకచుక్క:
నేనడిగింది సెగ్యూ 1 గురించి.

గగనవిహారి:
జవాబు చెప్పండి నీలికాంతి గారూ, నేనూ చూస్తున్నాను.

నీలికాంతి:
ఆ ఒక్క గెలాక్సీ హద్దు బలహీనపడవచ్చు. దాన్ని పట్టుకుని మొత్తం వేటనే కొట్టేస్తారా? ఇంత మొండితనం ఎందుకండీ?

తోకచుక్క:
ఎందుకంటే నా పీహెచ్‌డీ అంతా ఇలాంటి హద్దులు గీయడంలోనే పోయింది. ఇంటర్వ్యూలో "ఏం కనిపెట్టారు?" అనే అడిగారు. మా గ్రూపులోనే బ్లేజార్ల (మన వైపు గామా కిరణాలు చిమ్మే చురుకైన గెలాక్సీ కేంద్రాల) మీద పనిచేసినవాళ్లకు పోస్ట్‌డాక్‌లు (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఉద్యోగాలు) వచ్చాయి. సీనియర్లకు ఇంకో పేపర్ వస్తుంది. మాకేం వస్తుంది?

రేచుక్క:
ఇద్దరూ కాస్త తగ్గండి.

తోకచుక్క:
వేట మానేయమని నేననలేదు. ఆ గంటలు పాలపుంత కేంద్రం మీద పెట్టండి అంటున్నాను. అక్కడ హెస్ 254 గంటల డేటాతో డార్క్ మ్యాటర్‌కు గట్టి హద్దు గీసింది. కాస్మిక్ కిరణాలు (అంతరిక్షం నుంచి వచ్చే విద్యుదావేశ కణాలు) పీఈవీ (వెయ్యి టీఈవీ) శక్తి దాకా వేగం పుంజుకుంటున్నాయన్న ఆధారమూ 2016లో ఆ దిశ నుంచే ఇచ్చింది. డార్క్ మ్యాటర్ లేకపోయినా విద్యార్థి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. మరుగుజ్జులో సిగ్నల్ లేకపోతే ఇంకేం మిగలదు.

నీలికాంతి:
ఏదో ఒకటి గ్యారంటీగా దొరికే చోటే చూడాలంటే నేను ఒప్పుకోను. కేంద్రంలో ఫెర్మి డేటాలో అదనపు గామా కాంతి ఉందని 2009లో చెప్పారు. అది డార్క్ మ్యాటరా, మిల్లీసెకండ్ పల్సార్లా (అతివేగంగా తిరిగే నక్షత్ర అవశేషాలా) అన్నది ఇంకా తేలలేదు. రేపు టీఈవీ సిగ్నల్ వచ్చినా ఇదే గొడవ. మరుగుజ్జుల్లోనూ కనిపిస్తేనే నమ్ముతారు. మీకు జరిగింది అన్యాయమే, కానీ అది ఉద్యోగాలిచ్చే కమిటీల తప్పు.

తోకచుక్క:
కమిటీలు మారేదాకా ఆ 158 గంటలు ఏ విద్యార్థికి అప్పగిస్తారు?

నీలికాంతి:
అదొక్కటే ఎవరికీ అప్పగించకూడదు. తోడుగా ఒక బ్లేజార్ డేటా కూడా ఇవ్వాలి. గంటలు మాత్రం తగ్గించడానికి నేను ఒప్పుకోను.